పావులూరి మల్లన

ఆంధ్రభాషలో మొదటి కావ్యమును రచించిన మహాకవి ఎవరని అడిగినచో నన్నయభట్టారకుడని బాలురందరును వెంటనే చెప్పుదురు. తెలుగున మొదటి గణితగ్రంథమును రచించినది ఎవరని అడిగినచో బదులు చెప్పగలవారు కొలదిమంది మాత్రమే. ఆ గౌరవము పావులూరి మల్లనకు దక్కినది. పురాణకథలకే గాక కూడికలకును గుణకారములకును గూడ తెలుగు పద్యము చాలునని నిరూపించిన ప్రజ్ఞాశాలి యాతడు. అంకెలను ప్రేమించినవాడు, మాతృభాషను అంతకంటె తక్కువగా ప్రేమింపనివాడు.

మల్లన శివ్వన కుమారుడు, శివభక్తుడు. ఆయన ఇంటిపేరునకు మూలమైన పావులూరు కృష్ణానదికి దక్షిణముననున్న కమ్మనాటిలోని గ్రామము. ఆ కాలమున వేంగీదేశమును చాళుక్యులు పాలించుచుండిరి. వారిలో ప్రసిద్ధుడైన రాజరాజనరేంద్రుడు 1022 నుండి 1061 వరకు రాజ్యము చేసెను. విద్వాంసుల నాదరించి, నన్నయచేత భారతమును తెనిగింపజేసిన ప్రభువు ఆయనయే. ఆ రాజు పిఠాపురము చెంతనున్న నవఖండవాడ యను గ్రామమును మల్లన కుటుంబమునకు దానమిచ్చెను. ఆ దానమును పొందినవాడు గ్రంథకర్తయే యని కొందరు పండితులును, అదే పేరుగల ఆయన తాత యని మరికొందరును చెప్పుదురు. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారము మన దేశమున పరంపరగా వచ్చుచున్నదే గదా! ఎట్లయినను రాజరాజు నీడన వర్ధిల్లిన విద్వత్కుటుంబమున మల్లన జన్మించెననుట నిశ్చయము.

ఎలమంచిలిలో రైలెక్కి నైరృతిదిశగా పోవువారు తునిని, అన్నవరమును దాటి పిఠాపురము చేరుదురు. మల్లన కుటుంబమునకు లభించిన అగ్రహారము ఆ ప్రాంతముననే యుండెను. ఎలమంచిలికిని ఆ రాజవంశముతో సంబంధము కలదు. తరువాతి కాలమున ఎలమంచిలి సీమను పాలించిన చాళుక్యశాఖవారు తాము వేంగీచాళుక్యుల వంశజులమని చెప్పుకొనిరి. సమీపముననున్న పంచదార్ల క్షేత్రమున వారి శాసనములు నేటికిని కానవచ్చును. కావున మల్లన కథ ఎక్కడిదో దూరదేశపు కథ కాదు. మన పొరుగునాటి కథయే.

ఆ కాలమున శాస్త్రములన్నియు సంస్కృతముననే యుండెడివి. గణితము నేర్వగోరువాడు ముందు సంస్కృతము నేర్వవలసియుండెను. కాని లెక్కలతో పని పండితులకు మాత్రమే కాదు. పొలమును కొలుచు కరణమునకు లెక్క కావలెను. ధాన్యమును కుంచములతోను తూములతోను కొలిచి అమ్ము రైతునకు లెక్క కావలెను. వడ్డి కట్టు వర్తకునకును, బంగారము వన్నె చూచు కంసాలికిని, చెరువు త్రవ్వించు గ్రామపెద్దకును లెక్క కావలెను. కొలత తెలియనివాడు మోసపోవును. తెలిసినవాడు దుర్మార్గుడైనచో పదిమందిని మోసగించును. అందరికిని అర్థమగు భాషలో గణితము లేకపోవుట ఎంతటి లోపమో మల్లన గుర్తించెను. ఆ లోపమును తీర్చుటకు ఆయన పూనుకొనెను.

అందుకు ఆయన ఎన్నుకొన్న గ్రంథము గణితసారసంగ్రహము. దానిని రచించినవాడు మహావీరాచార్యుడను జైనపండితుడు. ఆయన రాష్ట్రకూట చక్రవర్తియైన అమోఘవర్షుని కాలమున, సుమారు 850వ సంవత్సర ప్రాంతమున కర్ణాట దేశమున నుండెను. ఆ గ్రంథమునందు పూర్ణసంఖ్యలు, భిన్నములు, త్రైరాశికము, వడ్డి, క్షేత్రముల వైశాల్యము, గోతుల పరిమాణము, నీడలతో కొలుచు విధానము మున్నగు విషయములు కలవు. పాఠకులకు విసుగు పుట్టకుండుటకై ఆచార్యుడు వింతలెక్కలను గూడ అందు చేర్చెను. 139ని 109చే గుణించినచో 15151 వచ్చును. 142857143ను 7చే గుణించినచో 1000000001 వచ్చును. 27994681ని 441చే గుణించినచో 12345654321 వచ్చును. ఈ ఫలములను ఎడమనుండి చదివినను కుడినుండి చదివినను ఒక్కటియే. మెడలో వేసికొను హారము ఏ ప్రక్కనుండి చూచినను ఒకే తీరుగా నుండును గదా! కావుననే ఆచార్యుడు ఇట్టి సంఖ్యలను కంఠహారములతో పోల్చెను.

ఆ గ్రంథముననే మరియొక గొప్ప సూత్రము కలదు. కొన్ని వస్తువులనుండి కొన్నింటిని ఎన్నుకొనుటకు ఎన్ని విధములు కలవో లెక్కించు సూత్రమది. మన పెద్దలు రుచులు ఆరని చెప్పుదురు: తీపి, పులుపు, ఉప్పు, కారము, చేదు, వగరు. వీనిలో రెండేసి రుచులను కలిపి ఎన్ని విధముల వంటకములను చేయవచ్చును? ఒక్కొక్కటిగా వ్రాసికొని లెక్కపెట్టినచో తడబాటు కలుగును. మహావీరుని మార్గము సులభమైనది. ఆరును ఐదుచే గుణింపుము, ముప్పది వచ్చును. దానిని ఒకటి, రెండుల గుణకారఫలముచే భాగింపుము, పదునైదు వచ్చును. తీపి పులుపులను కలిపినను, పులుపు తీపులను కలిపినను వంటకమొక్కటియే కనుక ఇచట రెండుచే భాగింపవలసివచ్చినది. మూడేసి రుచులు కావలెనన్నచో ఆరు, ఐదు, నాలుగుల గుణకారఫలమైన 120ని ఒకటి, రెండు, మూడుల గుణకారఫలమైన 6చే భాగింపవలెను, ఇరువది వచ్చును. ఈ రీతిగా ఒక్క రుచి మొదలు ఆరు రుచుల వరకు లెక్కించినచో క్రమముగా 6, 15, 20, 15, 6, 1 వచ్చును. మొత్తము 63 విధములు. రత్నములతో హారములను కూర్చుటకును ఇదే సూత్రము పనిచేయునని ఆచార్యుడు చూపెను. ఎన్ని వస్తువులకైనను, ఎన్నింటిని ఎన్నుకొన్నను చెల్లునట్లు ఈ సూత్రమును సామాన్యరూపమున చెప్పిన ఘనత ఆయనది.

ఇట్టి గ్రంథమును మల్లన తెనిగించెను. దానికి సారసంగ్రహ గణితమని పేరు. లోకులు దానిని పావులూరి గణితమనియే వ్యవహరించిరి. తెనిగించుటయనగా మాటకు మాట పెట్టుట కాదు. మూలకర్త జైనుడు, జినస్తుతితో గ్రంథమును ప్రారంభించెను. మల్లన శైవుడగుటచే తన గ్రంథమును శివపరముగా తీర్చెను. మతము వేరైనను విద్యను స్వీకరించుటకు మాత్రము ఆయన సంకోచింపలేదు. జైనుడు చెప్పిన లెక్క శైవునకు తప్పు కాదని, విద్యకు మతభేదము లేదని ఆయన చేతలే చాటుచున్నవి.

ఈ కార్యము సులభమైనది కాదు. నన్నయకు ముందు తెలుగున శాసనపద్యములు కలవుగాని పెద్ద గ్రంథము లేదు. కథను తెలుగున చెప్పుటయే కొత్తయైన ఆ దినములలో మల్లన శాస్త్రమును చెప్పబూనెను. పైగా చెప్పవలసినది పద్యములలో. నాడు అచ్చుయంత్రములు లేవు. తాటాకుపై గంటముతో వ్రాసికొనవలెను. లేదా కంఠస్థము చేయవలెను. వచనముకంటె పద్యము సులభముగా నోటికి వచ్చును. కావున వైద్యమైనను, జ్యోతిషమైనను, గణితమైనను పెద్దలు పద్యములలోనే చెప్పెడివారు. అయితే సంఖ్యను పద్యమున ఇముడ్చుట యెట్లు? అంకెల పేర్లు కొన్నియే. గణములకును, యతిప్రాసలకును అవి సరిగా కుదురవు.

దీనికి పూర్వులు ఒక చక్కని ఉపాయమును కనుగొనిరి. లోకమున ప్రసిద్ధమైన వస్తువుల పేర్లనే అంకెలకు మారుగా వాడిరి. చంద్రుడు ఒక్కడే, కావున చంద్రుడనగా ఒకటి. అగ్నులు మూడు, కావున అగ్నియనగా మూడు. వేదములు నాలుగు, సముద్రములు నాలుగు. మన్మథుని బాణములు ఐదు. తర్కములు ఆరు. కులపర్వతములు ఏడు. దిగ్గజములు ఎనిమిది. శరీరమునందలి రంధ్రములు తొమ్మిది. ఆకాశము శూన్యము, కావున ఆకాశమనగా సున్న. ప్రతి వస్తువునకును పెక్కు పర్యాయపదములు కలవు. బాణమనవచ్చును, శరమనవచ్చును, సాయకమనవచ్చును, అర్థమొక్కటియే, అంకెయొక్కటియే. ఛందస్సునకు ఏది కుదిరిన దానిని కవి వాడుకొనును. శాసనములలో శకవర్షములను సయితము ఈ విధముననే చెప్పుట కలదు. ఇందొక నియమము మాత్రము మరువరాదు. ముందు చెప్పిన పదము ఒకట్ల స్థానమునకు, రెండవది పదుల స్థానమునకు, మూడవది వందల స్థానమునకు చెందును. అనగా అంకెలు ఎడమవైపునకు నడచును.

ఈ విద్యలో మల్లన నేర్పునకు సాక్ష్యముగా ఒక చంపకమాల తెలుగునాట నేటికిని ప్రసిద్ధమై యున్నది. అది చదరంగపు లెక్కకు సంబంధించినది. చదరంగమును కనిపెట్టిన మేధావిని రాజు మెచ్చి, వరము కోరుకొమ్మనెనట. మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు, ఇట్లు గడిగడికిని రెట్టింపు చేయుచు అరువది నాలుగు గళ్లకును ధాన్యము నిమ్మని ఆతడు వేడెనట. రాజు ఆ కోరిక అల్పమైనదని తలచెను. లెక్కింపగా 1,84,46,74,40,73,70,95,51,615 గింజలైనవి. లోకమున ఒక యేట పండు ధాన్యమంతయు పోసినను అది చాలదు. ఇరువది అంకెలు గల ఈ మహాసంఖ్యను మల్లన చంద్రుడు, బాణము, వేదము, పర్వతము, ఏనుగు మున్నగు పేర్లతో ఒకే పద్యమున పొదిగెను. ఒక్క అంకెయు తప్పలేదు. తొమ్మిది శతాబ్దములు గడచినను ఆ పద్యము నోటికి వచ్చినవారు కాగితము లేకయే ఆ సంఖ్యను సరిగా వ్రాయగలరు.

ఇచట అంకెల వరుసయే ప్రాణము. ఆ పద్యమునందలి పదములను వినిన క్రమముననే ఎడమనుండి కుడికి వ్రాసినవానికి 5తో మొదలై 1తో ముగియు వేరొక సంఖ్య వచ్చును. అది అసలు సంఖ్యకు రెండున్నర రెట్లకంటె ఎక్కువ. అంకెలు అవియే, వరుస మాత్రమే తారుమారైనది. అంకెల స్థానములను మార్చినచో ఎన్ని సంఖ్యలు పుట్టునో తెలిసికొనుట గణితమున ఒక ముఖ్యవిషయము. దానిని మల్లన తరువాత వచ్చిన భాస్కరాచార్యుడు తన లీలావతిలో విపులముగా బోధించెను. 1114లో జన్మించిన ఆ మహనీయుడు 1150లో ఆ గ్రంథమును రచించెను. అందు కడపటి ప్రకరణమునకు అంకపాశమని పేరు.

ఆ ప్రకరణమున ఆచార్యుడు చూపిన ఉదాహరణములు మనోహరములు. మూడు, తొమ్మిది, ఎనిమిది అను అంకెలను తీసికొందము. మొదటి స్థానమున మూడింటిలో దేనినైనను ఉంచవచ్చును. పిమ్మట రెండవ స్థానమునకు రెండే మిగులును. మూడవ స్థానమునకు ఒక్కటే మిగులును. మూడును, రెండును, ఒకటియు గుణించినచో ఆరు వచ్చును. కావున 398, 389, 938, 983, 839, 893 అను ఆరు సంఖ్యలే పుట్టును. ఏడవది ఎంత వెదకినను దొరకదు. రెండు మొదలు తొమ్మిది వరకుగల ఎనిమిది అంకెలను మార్చి మార్చి వ్రాసినచో 40,320 సంఖ్యలు వచ్చును. విష్ణుమూర్తి నాలుగు చేతులలోని శంఖ చక్ర గదా పద్మములను మార్చినచో 24 మూర్తిభేదములు కలుగును. పది చేతుల శివుని పది ఆయుధములను మార్చినచో 36,28,800 భేదములు కలుగును.

ఒకే అంకె పలుమారులు వచ్చినచో లెక్క కొంత మారును. రెండు రెండ్లు, రెండు ఒకట్లు ఉన్నవనుకొందము. నాలుగు అంకెలకు 24 అమరికలు రావలెను. కాని రెండు రెండ్లను తమలో తాము మార్చుకొన్నను సంఖ్య మారదు; ఒకట్లును అట్లే. కావున 24ను రెండుచేతను, మరల రెండుచేతను భాగింపవలెను, ఆరు మిగులును. అవి 2211, 2121, 2112, 1221, 1212, 1122. వీని మొత్తమును కూడకయే చెప్పవచ్చును. ప్రతి స్థానమునను మూడు రెండ్లు, మూడు ఒకట్లు వచ్చినవి, అనగా తొమ్మిది. కావున మొత్తము 9999. ఇంతటి సొగసు ఆ లెక్కలోనున్నది.

ఈ సూత్రమును మల్లన పద్యమునందలి సంఖ్యకు అన్వయించి చూతము. ఆ ఇరువది అంకెలలో నాలుగు నాలుగులు, మూడు ఒకట్లు, మూడు ఐదులు, మూడు ఏడులు, రెండు ఆరులు, రెండు సున్నలు కలవు. మూడు, ఎనిమిది, తొమ్మిది ఒక్కొక్కటియే కలవు. ఇరువది వేర్వేరు అంకెలైనచో 24,32,90,20,08,17,66,40,000 అమరికలు కలుగును. నాలుగు వస్తువులకు 24, మూడింటికి 6, రెండింటికి 2 అమరికలు గదా! కావున సమానములైన అంకెలకొరకు 24, 6, 6, 6, 2, 2 అను సంఖ్యల గుణకారఫలమైన 20,736చే దీనిని భాగింపవలెను. సున్న ముందు వచ్చు అమరికలను గూడ చేర్చి 11,73,27,45,02,40,000 అమరికలు మిగులును. అనగా ఒక కోటి పదునేడు లక్షల ముప్పదిరెండు వేల ఏడువందల నలువదియైదు కోట్లు, ఆపై రెండు లక్షల నలువది వేలు. వానిలో సరియైనది ఒక్కటియే. తక్కినవన్నియు తప్పులే.

తాటాకుపై అంకెలను మాత్రమే వ్రాసియుంచినచో ఏ లేఖకుడో నిద్రమత్తున రెండంకెలను తారుమారు చేయవచ్చును. తరువాత దానిని చూచి వ్రాసినవాడు ఆ తప్పును గుర్తింపలేడు. అంకెకు అంకె ప్రక్కన నిలుచుటలో అభ్యంతరమేమియు లేదు. పద్యమున అట్లు కాదు. చంపకమాల పాదమున ఇరువదియొక్క అక్షరములు కలవు. అన్ని అక్షరములను లఘువులుగను గురువులుగను మార్చి మార్చి కూర్చినచో 20,97,152 విధముల పాదములు ఏర్పడును. చంపకమాల వానిలో నొకటి మాత్రమే. లఘువుండవలసిన చోట గురువు పడినచో నడక తప్పును. యతి చెడినను, ప్రాస చెడినను చెవికి వెంటనే తెలియును. పదములను తారుమారు చేసినచో పెక్కుతావుల పద్యము తానే ఎదురుతిరిగి తప్పును పట్టియిచ్చును. ఈ విధముగా ఛందస్సు అంకెలకు కావలి కాచెను. కవిత్వమును గణితమును పరస్పర విరోధులని తలచువారికి మల్లన పద్యము చక్కని సమాధానము.

మల్లన చూపిన బాట మూతపడలేదు. ఎలుగంటి పెద్దన ప్రకీర్ణ గణితమును తెలుగున రచించెను. కరణములకును, వీధిబడుల విద్యార్థులకును పావులూరి గణితము చిరకాలము ఆధారమై నిలిచెను. ఎన్నికల సూత్రమును చెప్పిన మహావీరుని సంస్కృత గ్రంథమును రంగాచార్యులవారు ఆంగ్లానువాదముతో 1912లో మద్రాసున ప్రకటించిరి. అంతట పాశ్చాత్యపండితులును దాని గొప్పతనమును గ్రహించిరి. వారికంటె శతాబ్దములకు ముందే ఆ గ్రంథము విలువను ఎరిగి, దానిని తన ప్రజల కందించిన తెలుగువాడు మల్లన.

మల్లన ఎప్పుడు జన్మించెనో, ఎప్పుడు పరమపదించెనో చెప్పు శాసనము లేదు. ఆయన రూపమును చూపు చిత్రమును లేదు. రాజిచ్చిన అగ్రహారము చేతులు మారినది. ఆ రాజ్యమును అంతరించినది. కాని ఆయన కూర్చిన అంకెలు మాత్రము స్థానము తప్పక నిలిచియున్నవి. పరభాషలయందలి విద్యను సంపాదించుట మంచిదే. సంపాదించిన దానిని మాతృభాషలో తనవారికి పంచిపెట్టుట అంతకంటె గొప్పపని. శాస్త్రమును చెప్పుటకు తెలుగు చాలదని తలచువారు పావులూరి మల్లనను స్మరింపవలెను. తెలుగు కావ్యము పుట్టిన కాలముననే తెలుగు గణితమును పుట్టినదని ఆయన చరిత్ర మనకు తెలుపుచున్నది.